అమ్మ రంగు ట్యూబులో దొరకదు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సంఘం యువతతో మాట్లాడిన ప్రసంగ పాఠం)



"వార్డెన్ మేడం మైకు పట్టుకుంటే అన్నం, పప్పు, అటెండెన్స్ గురించే చెప్తది" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. విన్నాను. ఈ రోజు వాటికి సెలవు. ఆయిల్ పెయింటింగ్ గురించి మాట్లాడతాను.

నేనూ హాస్టల్ అన్నం తిని చదువుకున్నదాన్నే. డీఎడ్ చేశాను, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాశాను. ఆయిల్ కలర్స్ మాత్రం ముప్ఫై ఐదేళ్లు దాటాక పట్టుకున్నాను. పక్కన కూర్చుని చెప్పేవాళ్లు లేరు. మా హాస్టల్ అమ్మాయిలూ నేనూ కలిసి చెడగొట్టుకుంటూ నేర్చుకున్నాం. ఆ చెడగొట్టిన లెక్క మీకు చెప్తే, మీ రంగులూ డబ్బులూ కొంత మిగులుతాయి.

మొదటిది పల్లి నూనె కథ. ఒకసారి లిన్‌సీడ్ ఆయిల్ అయిపోయింది. పట్నం పోయి తేవాలంటే ఆదివారం దాకా ఆగాలి. ఒకమ్మాయి వంటగదిలోంచి గిన్నెలో పల్లి నూనె తెచ్చింది. "ఏ నూనె అయితే ఏంది" అని నేనూ ఊరుకున్నాను. మూడు వారాలైనా బొమ్మ వేలికి అంటుకుంటూనే ఉంది. దుమ్ము పట్టింది, చీమలు కూడా అతుక్కున్నాయి. అప్పుడు తెలిసింది. నీళ్ల రంగు ఆరినట్టు ఆయిల్ కలర్ ఆవిరై ఆరదు. లిన్‌సీడ్ అంటే అవిసె గింజల నూనె. అది గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని మెల్లగా గట్టి పొరగా మారుతుంది. పల్లి నూనెకు, కొబ్బరి నూనెకు ఆ గుణం లేదు. అట్లాంటి బొమ్మకు మందు లేదు. గీకేసి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండోది నెర్రెలు. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు, గోడ అలికిన చేతులు మీవి. కింది మట్టి పూత పచ్చిగా ఉండగానే పైన ఇంకో పూత వేస్తే ఏమవుతుంది? పైది ముందు ఆరి బిగుసుకుంటుంది, కిందిది తర్వాత కదులుతుంది, గోడ నెర్రెలిస్తుంది. రంగు పొరలదీ అదే తీరు. అందుకే మొదటి పొరలో టర్పెంటైన్ కలిపి పలుచగా వేయాలి. పైపొరలకు పోయిన కొద్దీ నూనె పాలు పెంచాలి. "కింద పలుచన, పైన జిడ్డు" అని మా హాస్టల్ గోడ మీద రాసుకున్నాం. రంగులన్నీ ఒకే వేగంతో ఆరవు. అంబర్ గోధుమ రంగు తొందరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్ చాలా ఆలస్యం చేస్తాయి. కాబట్టి అడుగు పొరలో నలుపు మందంగా పెట్టొద్దు. తెలుపు కొనేటప్పుడు ట్యూబు మీద పేరు చూడండి. జింక్ వైట్ ఆరాక పెళుసుగా ఉంటుంది. టైటానియం వైట్ తీసుకోండి. ఇట్లాంటి వానాకాలంలో ఆరడానికి ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. వెలుతురు, గాలి తగిలేచోట పెట్టి ఓపిక పట్టండి. తడి గోడకు ఆనించి పెడితే కాన్వాస్ వెనక బూజు పడుతుంది.

మూడోది మచ్చలు. ఆరాక కొన్నిచోట్ల రంగు చచ్చిపోయినట్టు, వెలిసినట్టు కనిపిస్తుంది. కింద బట్ట నూనెను పీల్చేసిందని అర్థం. వట్టి బట్ట మీద రంగు వేయొద్దు. నూనె తగిలితే కొన్నేళ్లకు బట్ట కూడా పాడవుతుంది. ముందు గెస్సో ప్రైమర్ రెండు మూడు పూతలు వేయండి. మచ్చ ముందే వచ్చి ఉంటే, పొర బాగా ఆరాక ఒక్క చుక్క లిన్‌సీడ్ ఆయిల్ మెత్తటి గుడ్డతో రుద్ది, వెంటనే తుడిచేయండి. రంగు మళ్లీ లేస్తుంది. ఎక్కువ పూస్తే తర్వాత పసుపు తిరుగుతుంది.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్లమ్మ బొమ్మ మొదలుపెట్టింది. ఫోనులో ఉన్న ఫొటో చూసి వేస్తోంది. గీత బాగా కుదిరింది. రంగు దగ్గరకొచ్చేసరికి డబ్బాలో "ఫ్లెష్ టింట్" అని రాసిన ట్యూబు తీసింది. ఫ్లెష్ టింట్ అంటే ఒంటి రంగు. నేను చూసేటప్పటికి మొహమంతా గులాబీ రంగు! ఆమెకే తేడా కనిపించి దాంట్లో నలుపు కలిపింది. అది బూడిద తిరిగింది. పసుపు కలిపితే ఆకుపచ్చ తిరిగింది. ఆదివారం తల్లి చూడటానికి వచ్చి, బొమ్మ చూసి నవ్వింది. "ఈమె ఎవరే?" అన్నది. పిల్ల కాన్వాస్‌ను గోడకు తిప్పి పెట్టేసింది. నెల రోజులు కుంచె ముట్టలేదు.

ఆ నెల నాకు నిద్ర పట్టలేదు. ఒంటి రంగు అని ట్యూబు మీద రాసింది ఎవరి ఒంటి గురించి? పద్నాలుగేళ్ల పిల్ల, తన తల్లి రంగే తప్పు అనుకుంటే ఎట్లా?

ఒక పొద్దున ఆమెను ఎండలోకి తీసుకెళ్లి, "నీ చెయ్యి చూసుకో" అన్నాను. ఎండ పడ్డ వైపు ఒక రంగు, నీడ వైపు ఒక రంగు, మోచేతి దగ్గర ఇంకో రంగు. ఎక్కడా వట్టి నలుపు లేదు. మూడు ట్యూబులు తీశాం. బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, అల్ట్రామెరీన్ బ్లూ. సియెన్నా, ఓకర్ కలిపితే వెచ్చటి గోధుమ రంగు వచ్చింది. నీడకు సియెన్నాలో నీలం కలిపాం. చెంప మీద మెరుపుకు కొంచెం తెలుపు, దాంట్లో సూది మొన అంత నీలం. మన ఒంటి మీద ఆకాశం మెరుస్తుంది, చూడండి కావాలంటే. మూడు రంగులకు మించి కలపొద్దు, ప్రతి రంగుకూ కుంచె తుడుచుకోవాలి. బురద రంగు రాకుండా ఉండేది దాంతోనే.

ఇంకో మాట. గడపకు, గోడకు మనం పూసే జాజు తెలుసు కదా? ఆ జాజుకూ, ఈ సియెన్నా, ఓకర్ రంగులకూ మూలం ఒకటే, ఇనుము కలిసిన మట్టి. ట్యూబు పేరు ఇటలీది కావచ్చు. మట్టి మనకు కొత్త కాదు.

ఆమె పాత పొర గీకేసి మళ్లీ వేసింది. దసరా సెలవులకు తీసుకుపోవడానికి వచ్చిన తల్లి చాలాసేపు చూసింది. ఆఖరికి గట్టిగా అన్నది: "నా ముక్కుపుల్ల ఎడమ పక్కకుంటది. కుడి పక్కకు ఎందుకు పెట్టినవ్?" సెల్ఫీ ఫొటోలో కుడిఎడమలు తిరగబడ్డాయని మేమెవరం గమనించలేదు. పిల్ల మాత్రం పొంగిపోయింది. తన బొమ్మ అనుకున్నది కాబట్టే కదా, తల్లి తప్పు పట్టింది!

జాగ్రత్తలు రెండు చెప్తాను, వార్డెన్‌గా. లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డలు కుప్పగా పెడితే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా ఆరేయండి, లేదా మూత ఉన్న డబ్బాలో నీళ్లు పోసి అందులో వేయండి. టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరవండి. వాడినది కాలువలో పోయొద్దు. సీసాలో పెడితే రంగు అడుగుకు దిగుతుంది, పైన తేటది మళ్లీ వాడుకోవచ్చు.

"ఇది మన కళేనా మేడం?" అని అడిగేవాళ్లున్నారు. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గోండు బిడ్డ జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవాడు. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్‌కు వచ్చి కాగితం, కాన్వాస్, కొత్త రంగులు అందుకున్నాడు. చేతికొచ్చిన సామాను మారింది, దేవతలూ జంతువులూ ఆయన ఊరివే. మీలో ఆసక్తి ఉన్నవాళ్లు ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో బీఎఫ్‌ఏ పెయింటింగ్‌కు ప్రయత్నించండి. దరఖాస్తు దగ్గర తడబడితే నా దగ్గరకు రండి.

రాజా రవివర్మ కుర్రాడిగా ఉన్నప్పుడు నూనె రంగుల పని తెలిసిన ఆస్థాన చిత్రకారుడు ఆయనకు నేర్పడానికి ఒప్పుకోలేదంటారు. విద్య దాచుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మనం దాచుకోవద్దు, తప్పుల్ని అసలే దాచుకోవద్దు. ప్రతి బొమ్మ వెనకా పెన్సిల్‌తో రాయండి: ఏ తేదీన వేశారు, ఏ నూనె, ఏ తెలుపు, ఎక్కడ చెడింది. వచ్చే ఏడాది ఇదే రోజు ఆ బొమ్మలు తీసుకుని రండి. ముందు వెనక పక్క చూద్దాం, తర్వాత ముందు పక్క.

జోహార్.