పెనుకొండ బొక్కసము – లేపాక్షి విరూపణ్ణ

ధనము గురించి గ్రంథములు వ్రాసిన పండితుల పేర్లు పుస్తకాలలో నిలిచినవి. ధనమును చేతులతో ఎత్తి, లెక్కించి, వెచ్చించిన వారి పేర్లు సాధారణంగా నిలువవు. ఇంగ్లాండులో థామస్ గ్రెషామ్ బాలుడుగా ఉన్న రోజులలోనే మన పెనుకొండలో రాజధనముతో వ్యవహరించి, నేటికీ రాయలసీమ పల్లెలలో పేరు వినిపించే పురుషుడు ఒకడున్నాడు. అతడే విరూపణ్ణ.

హిందూపురానికి తూర్పుగా సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి ఉన్నది. తాబేటి వీపువలె ఉబికిన కూర్మశైలముపై వీరభద్రాలయము వెలసినది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు 1529 నుండి 1542 వరకు పాలించినాడు. ఆయన కాలముననే, 1530 దశకములో, నంది లక్కిసెట్టి కుమారులైన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఈ ఆలయమును విస్తరించి నేటి రూపమునకు తెచ్చినారు. విరూపణ్ణ పెనుకొండలో రాయల కోశాధికారి అని స్థానిక సంప్రదాయము.

కోశాధికారి అనగా ఆనాడు ఏమి చేయవలసి ఉండెడిదో గ్రహించవలెనన్న ముందు ఆనాటి ధనమును చూడవలెను. ప్రధాన నాణెము బంగారు వరహా. తూకము సుమారు 3.4 గ్రాములు. 1443లో విజయనగరమును చూచిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ లెక్క ప్రకారము, వరహాలో సగము ప్రతాపము, ప్రతాపములో పదవ వంతు పణము. పణమునకు దిగువన వెండి తార, రాగి జిటలు చెలామణిలో ఉండెడివి. అచ్యుతరాయల బంగారు నాణెములపై గండభేరుండ పక్షి కనిపించును.

ఈ వరహాలు బొక్కసమునకు ఎట్లు చేరెడివి? 1535 ప్రాంతమున విజయనగరములో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ ఒక లెక్క చెప్పినాడు. సామంత నాయకుల భూముల రాబడి 120 లక్షల బంగారు నాణెములు. అందులో 60 లక్షలు రాజునకు చెల్లవలెను. మిగిలిన దానితో నాయకులు సేనలను, ఏనుగులను పోషించవలెను. దసరా నవరాత్రులు చెల్లింపు గడువు. రైతు తన పంటలో పదింట తొమ్మిది పాళ్ళు ప్రభువునకు ఇచ్చుచున్నాడని కూడ న్యూనిజ్ వ్రాసినాడు. ఇది విదేశీయుని అతిశయోక్తి కావచ్చును. కాని బొక్కసములోని ప్రతి వరహా వెనుక ఒక సేద్యగాని చెమట ఉన్నదన్న మాట మాత్రము అతిశయోక్తి కాదు. పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతములు వానకు ముఖము వాచిన సీమలు. చెరువు నిండిన ఏడు రాబడి. ఎండిన ఏడు బాకీ.

ఇక జనులు చెప్పుకొను కథ. రాయలు దూరదేశమున ఉండగా విరూపణ్ణ అనుమతి లేకయే బొక్కసము సొమ్ము తీసి ఆలయముపై వెచ్చించినాడట. కల్యాణమండపము సగము లేచినదో లేదో, ప్రభువు తిరిగి వచ్చి, బొక్కసము వట్టిపోవుట చూచి, కన్నులు తీయింపుడని ఆజ్ఞ ఇచ్చినాడట. రాజభటులు రాకముందే విరూపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసరినాడట. ఆ గోడపై ఎర్రని మరకలను నేటికీ చూపుదురు. మండపము నేటికీ అసంపూర్ణముగానే ఉన్నది.

ఈ కథకు చరిత్రలో కొంత చోటు లేకపోలేదు. అచ్యుతరాయలు 1531–32లో దక్షిణ దండయాత్ర సాగించిన మాట నిజమే. కాని ఆలయములోని శాసనములు వేరొక మాట చెప్పును. విరూపణ్ణ విన్నపము మీద అచ్యుతరాయలు ఈ దేవునికి గ్రామములు సమర్పించిన వైనము వానిలో ఉన్నది. బొక్కసము కొల్లగొట్టినవాని విన్నపము ఏ రాజు మన్నించును? అర్ధమండపపు కప్పుపై మరొక సాక్ష్యము కలదు. బ్రహ్మాండమైన వీరభద్రుని చిత్రమున్న ఆ మండపములోనే సోదరులిద్దరు సపరివారముగా దేవుని కొలుచుచు రంగులలో నిలిచి ఉన్నారు. తలపై పొడవైన కుళ్ళాయి, నడుమున పూలవల్లుల బట్ట. ధర్మవరము చీరల అంచులు ఎరిగిన మన ఆడవారికి ఆ బట్టలు కొత్తవిగా తోచవు. ఇది దాగిన దొంగ చిత్రము కాదు. అధికారములో ఉన్న పెద్దమనిషి చిత్రము.

దేవాలయమునకు పెట్టిన సొమ్ము రాతిలో పడి చచ్చిన సొమ్మని కూడ అనుకొనరాదు. రాతిపనివారికి, చిత్రకారులకు, బండ్లవారికి కూలి దక్కును. ఆనాటి తిరుపతి శాసనములు ఒక చక్కని పద్ధతిని తెలుపును: భక్తుడు ఇచ్చిన రొక్కముతో దేవస్థాన గ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వింతురు, పెరిగిన పంటతో నిత్యనైవేద్యము నడుతురు. అసలు నేలలో ఉండును. వడ్డీ పళ్ళెములోకి వచ్చును. ఆనాటి దేవాలయము ఒక విధమైన బ్యాంకు అన్నను తప్పులేదు.

అట్లయిన కన్నుల కథ ఎందుకు పుట్టినది? దానికి తోబుట్టువు వంటి కథ మరొకటి మనకు తెలిసినదే. గోల్కొండ తానాషా కాలములో పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న సర్కారు పైకముతో భద్రాచలమున గుడి కట్టించి చెరసాల పాలైనాడు. ఫ్రాన్సులో ఏడవ చార్లెసు రాజు ధనవ్యవహారములు చూచిన జాక్ కర్, బూర్జ్ నగరములో గొప్ప భవనము కట్టించి, 1451లో నిర్బంధింపబడినాడు. రాజధనము చేతిలో ఉన్నవాడు గొప్ప కట్టడము లేపినప్పుడు, లోకము మొదట అబ్బురపడును, పిదప లెక్క అడుగును. ఆ ప్రశ్నే కథగా మారును.

ఆ ప్రశ్న తప్పు కాదు. విరూపణ్ణ నిర్దోషి అని శాసనముల బట్టి నేను నమ్ముచున్నాను. అయినను, కథ చెప్పుకొన్న పల్లెవారు అవివేకులు కారు. పుణ్యకార్యమైనను సరే, పదిమంది సొమ్ము అడగక తీయరాదన్నది వారి తీర్పు. నాట్యమండపపు కప్పుపై మనునీతి చోళుని కథ చిత్రింపబడి ఉన్నది: ఆవుదూడ ప్రాణమునకు బదులు కన్నకుమారునికే శిక్ష విధించిన రాజు కథ అది. ధర్మమునకు చుట్టరికము లేదని ఈ ఆలయ చిత్రమే చెప్పుచున్నది.

కాకున్న, కథలోని రాజు చేసిన పని మాత్రము మనకు ఆదర్శము కాదు. వసూలు చేయు చేయి, వెచ్చించు చేయి ఒకటే అయినచోట, తనిఖీ చేయువాడు లేనిచోట, అనుమానము వచ్చిన దినమున శిక్ష ఒక్కటే మిగులును. రాజ్యాంగము 148వ అధికరణము క్రింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్‌ను నియమించుకొన్న మనము ఆ దుస్థితిని దాటినాము. ఆయన లెక్కలు చూడగలుగుట వలన, నీతిమంతుడైన అధికారికి తన నిర్దోషిత్వము చూపు దారి దొరకినది. నీతి తప్పినవానికి దాగు చోటు తగ్గినది.

లేపాక్షికి వెళ్ళినవారు ఏకశిలా నందిని, వ్రేలాడు స్తంభమును చూచి మరలివత్తురు. ఈసారి గోడపై మరకలతో పాటు కప్పుపై సోదరుల చిత్రమును కూడ చూడుడు. ఒకటి జనవాక్యము, రెండవది శిలాసాక్ష్యపు తోడు. రెండింటిని కలిపి చదివిననే గాని, విరూపణ్ణకు గాని, అతడు చేతబట్టిన రైతు సొమ్మునకు గాని న్యాయము జరుగదు.