ఫొటో తీసినవాడి పేరు

(చెంగిచెర్లలో జరిగిన కుటుంబ సదస్సులో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. వీధిలో నిలబడి ఒక ఫొటో తీయడం, అంతే. అయితే మేము ఈ బస్తీలలో ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు ఒక మాట పదే పదే మా చెవిన పడింది. “బేటా, బయట ఫోను పైకెత్తకు” అని తల్లులు కొడుకులను హెచ్చరిస్తున్నారు. అదే గల్లీలో పక్కింటి తల్లి తన కొడుకుతో ఈ మాట అనవలసిన అవసరం లేదు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే రకం ఫోను, ఇద్దరూ తీసేది ఒకే రకం ఫొటో. ఆ ఇద్దరు తల్లుల మధ్య తేడా ఎక్కడ పుట్టిందన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

మనం నివసించే ప్రాంతాన్ని ఒకసారి తలచుకోండి. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి శిక్షణ సంస్థ ఉంది. హబ్సిగూడ వైపు వెళితే భూభౌతిక పరిశోధన సంస్థ, మరో వైపు వెళితే ఈసీఐఎల్, అణు ఇంధన సముదాయం, చర్లపల్లి జైలు, పెట్రోలు నిల్వల డిపోలు కనిపిస్తాయి. క్రికెట్ స్టేడియం ఉంది, మెట్రో ఉంది, 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి రైల్వే టెర్మినల్ ఉంది. ఏ దిక్కుకు తిప్పినా కెమెరాలో ఏదో ఒక ‘ముఖ్యమైన కట్టడం’ పడి తీరుతుంది. కాబట్టి చట్టం దేనిని నిషేధించిందో, దేనిని నిషేధించలేదో తెలియకపోతే మన పిల్లలకు ఊరంతా నిషిద్ధ ప్రాంతంగానే తోస్తుంది.

బహిరంగ రహదారిపై నిలబడి కంటికి కనిపించే దానిని ఫొటో తీయడం సాధారణంగా నేరం కాదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం కొన్ని స్థలాలను నిషిద్ధ స్థలాలుగా నిర్వచించింది. దేశ భద్రతకు హాని కలిగించే ఉద్దేశంతో అక్కడికి చేరినా, శత్రువుకు పనికివచ్చే నకళ్లు, చిత్రాలు తీసినా అది శిక్షార్హం. విమానాశ్రయాలకు వేరే నిబంధనలున్నాయి. డ్రోన్లకు 2021 నుంచి ప్రత్యేక నియమావళి అమలులో ఉంది. పెళ్లిళ్ల కోసం డ్రోను ఎగరేసే మన కుర్రవాళ్లు దానిని తప్పక చదవాలి, ఎందుకంటే అక్కడ తెలియదంటే చెల్లదు. హెచ్చరిక బోర్డు ఉన్న చోట దానిని గౌరవించాలి. ఇంతకు మించి ‘నీవు ఫొటో ఎందుకు తీశావు’ అన్న ప్రశ్నకు ‘నచ్చింది కాబట్టి’ అన్న జవాబు చాలాలి. మరో ముచ్చట కూడా చెప్పుకోవాలి. పటాల తయారీపై దశాబ్దాలుగా ఉన్న ఆంక్షలను కేంద్ర ప్రభుత్వమే 2021 ఫిబ్రవరిలో చాలావరకు సడలించింది. ఆకాశం నుంచి తీసిన మన ఇంటి కప్పును ప్రపంచంలో ఎవరైనా ఫోనులో చూడగలిగే కాలంలో, నేల మీద నిలబడి మెట్రో స్తంభాన్ని ఫొటో తీసిన విద్యార్థిని ఆపి ప్రశ్నించడం వింతగానే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. ఉగ్రవాద భయం కల్పితం కాదు. దాని దెబ్బ మనకూ తగిలింది. 2007 మే 18న జుమా నాడు మక్కా మసీదులో పేలుడు జరిగింది. తొమ్మిది మంది నమాజీలు మరణించారు. ఆ తరువాత జరిగిన పోలీసు కాల్పుల్లో మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో 40 మందికి పైగా చనిపోయారు. 2013 ఫిబ్రవరి 21న మనకు దగ్గరలోనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌లో రక్తం పారింది. ఆ మృతుల కుటుంబాల ముందు నిలబడి ‘భద్రత అనవసరం’ అనే మాట మేము అనం, ఎవరూ అనకూడదు.

అయితే భద్రత పేరుతో జరిగినదంతా భద్రతేనా? మక్కా మసీదు పేలుడు తరువాత పాతబస్తీ యువకులను పలువురిని నిర్బంధించారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ వారిని జైలులో కలిసి, వారు అనుభవించిన హింసను నివేదికగా సమర్పించారు. కేసులు పెట్టినవారు కోర్టులలో నిర్దోషులుగా బయటపడ్డారు. దర్యాప్తు దిశ మారి వేరే వర్గానికి చెందినవారిపై విచారణ నడిచింది. 2018 ఏప్రిల్ 16న వారినీ న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ తొమ్మిది మందిని చంపినదెవరో నేటికీ న్యాయస్థానంలో రుజువు కాలేదు. యువకుల జీవితాలలో కోల్పోయిన ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు.

పేరును బట్టి అనుమానించడం భద్రతను ఎంతగా దెబ్బతీస్తుందో తెలిపే ఉదాహరణ ముంబై దాడిలోనే ఉంది. 2008 నవంబరు 26కు ముందు ఒక వ్యక్తి అనేకసార్లు ముంబై వచ్చి తాజ్ హోటల్ సహా దాడికి ఎంచుకున్న స్థలాలన్నింటినీ తాపీగా వీడియో తీశాడు. దావూద్ గిలానీ అన్న పేరుతో పుట్టిన అతడు 2006లో అమెరికాలో తన పేరును డేవిడ్ కోల్‌మన్ హెడ్లీగా మార్చుకున్నాడు. ఎందుకు మార్చుకున్నాడు? భారతదేశంలో ముస్లింగా కాక, ఒక అమెరికన్‌గా కనిపించడానికి. మన వ్యవస్థ పేరునే చూస్తుందని అతనికి తెలుసు. ఆ అలవాటునే అతడు తొడుగుగా వేసుకున్నాడు. నిజంగా ఫొటోను ఆయుధంగా వాడినవాడు ఏ అడ్డూ లేకుండా దాటిపోయాడు. ఆ తరువాత ప్రతి చౌరస్తాలోనూ ఆగి జవాబు చెప్పవలసి వస్తున్నది మన పిల్లలు.

మా బస్తీలో జరిగిన ఒక సంగతి చెబుతాము. పేర్లు, ఠాణా పేరు చెప్పము. ఆ కుటుంబం కోరిక అది. ఇద్దరు మిత్రులు కలిసి పెళ్లి ఫొటోల పని చేస్తారు. ఒకరు మన కౌమ్‌వాడు, మరొకరు హిందూ సోదరుడు. కెమెరా కిస్తీలపై కొన్నది. ఒక జంటకు పెళ్లికి ముందు ఫొటోలు తీయడానికి రైలు వంతెన కనిపించే చోటుకు వెళ్లి, ముందుగా వెలుతురు చూసుకుంటున్నారు. ఎవరో ఫిర్యాదు చేశారు. ఇద్దరి ఆధార్ కార్డులూ అడిగారు. ఒకరిని పది నిమిషాలలో పంపివేశారు. రెండవవాడిని సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మెమరీ కార్డులో ఉన్న ఆరు పెళ్లిళ్ల ఫొటోలు ఒక్కొక్కటిగా చూశారు. అందులో పర్దాలో ఉండే ఆడవారి ఫొటోలూ ఉన్నాయి. కేసు లేదు, కాగితం లేదు, క్షమాపణ లేదు. ఆ హిందూ మిత్రుడు సాయంత్రం వరకు గేటు బయటే నిలబడి, చివరకు వీడిని తన బండిపై ఇంటికి చేర్చాడు. ఇప్పుడు బయటి ఫొటోలన్నీ ఆ మిత్రుడే తీస్తాడు. మనవాడు దుకాణంలో కూర్చుని ఆల్బములు కూర్చుతాడు. అతని పనితనం అంతా వెలుతురును పట్టడంలోనే ఉండేది.

ఆ రోజు అతనిపై ఏ చట్టమూ ప్రయోగించలేదు. ప్రయోగించి ఉంటే మనం కోర్టులో వాదించగలిగేవారము. భయం మాత్రమే వేశారు, దానిపై అప్పీలు చేయడానికి కోర్టు లేదు.

ఇంతవరకు మన చేతిలోని కెమెరా సంగతి. మనవైపు తిరిగిన కెమెరాల సంగతి మరొకటి. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు జరిగిన 2013లోనే వచ్చిన ప్రజా భద్రతా చట్టం జనం గుమికూడే సంస్థలలో నిఘా కెమెరాలను తప్పనిసరి చేసింది. తరువాత ‘నేను సైతం’ పేరుతో కాలనీల చందాలతోనే కెమెరాలు పెరిగాయి. 2018లో పోలీసుల ఫోన్లలోని టీఎస్‌కాప్ యాప్‌కు ముఖాలను పోల్చి గుర్తించే సాంకేతికత తోడైంది. ఆమ్నెస్టీ సంస్థ 2021లో వెలువరించిన అంచనా ప్రకారం కాలాపత్తర్‌లో 53.7 శాతం, కిషన్‌బాగ్‌లో 62.7 శాతం విస్తీర్ణం కెమెరాల కనుసన్నలలో ఉంది. ఆ రెండు బస్తీలలో ఎవరు నివసిస్తారో మీకు చెప్పనవసరం లేదు.

2021 మే నెలలో, లాక్‌డౌన్ సమయంలో, సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని అడిగారు. ఆయన నిరాకరించినా ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, ఆ ఫొటో ఎక్కడికి వెళ్లింది అని ఆయన లిఖితపూర్వకంగా ప్రశ్నించారు. జవాబు రాకపోవడంతో తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. 2022 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు జారీ చేసింది. అదే 2021 అక్టోబరులో నగర పోలీసులు దారిన పోయేవారి ఫోన్లు తీసుకుని, గంజాయి అన్న మాట కోసం వాట్సాప్ సంభాషణలలో వెతికిన దృశ్యాలను మనమంతా చూశాము.

మసూద్ గారి ప్రశ్న విలువైనది. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. దానిని పరిమితం చేయాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించిన చొరబాటు ఉండకూడదు. 2022 నాటి గుర్తింపు చట్టం సైతం శిక్ష పడినవారు, అరెస్టయినవారు, నివారక నిర్బంధంలో ఉన్నవారు, మేజిస్ట్రేటు ఆదేశించినవారు అని హద్దులు గీసింది. కూరగాయల సంచితో ఇంటికి పోతున్న మనిషి ఆ హద్దుల లోపల లేడు.

ఇది మన ఒక్కరి పోరాటం కాదు. లండన్‌లో 2003లో ఆయుధాల ప్రదర్శన దగ్గర నిరసనకు వెళ్తున్న ఒక విద్యార్థిని, చిత్రీకరించడానికి వచ్చిన ఒక పాత్రికేయురాలిని ఉగ్రవాద నిరోధక చట్టం కింద ఆపి సోదా చేశారు. వారు ఏడేళ్లు న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. 2010 జనవరిలో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఆ అధికారం హద్దులు లేనిదని తప్పుపట్టింది. అదే నెలలో వందల మంది ఫొటోగ్రాఫర్లు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కెమెరాలతో చేరి, తాము ఉగ్రవాదులము కామని చాటారు. ఆ చట్టం కింద ఒక్క ఏడాదిలోనే లక్షకు పైగా సోదాలు జరిగితే వాటిలో ఒక్కటీ ఉగ్రవాద నేరం కింద అరెస్టుకు దారితీయలేదు.

మన ఇంటి సంగతి కూడా ఒకటి మాట్లాడుకోవాలి. 2024 మార్చిలో, రంజాన్ నెలలో, హోలీ సమయంలో మన చెంగిచెర్లలో జరిగిన ఘర్షణ మీకు గుర్తుంది. మహిళలు గాయపడ్డారు; వారిని కొట్టినవారు ఎవరైనా చట్టం ముందు నిలబడవలసిందే. ఆ రోజులలో ముందు వెనుకలు కత్తిరించిన ఫోను వీడియోలు ఊరంతా తిరిగాయి. అటువంటి రోజుల తరువాత మసీదు వైపు ఫోను ఎత్తిన ప్రతి అపరిచితుడినీ మన యువకులు చుట్టుముట్టే ప్రమాదం ఉంది. సూరె హుజురాత్ అతి అనుమానాన్ని, కూపీలు లాగడాన్ని వారించిందని మన పిల్లలకు చెప్పేది మనమే కదా. మనం ఠాణాలో కోరే న్యాయాన్ని మన గల్లీలో ఇతరులకు ఇవ్వాలి. సలాం చెప్పి, ఏం కావాలి భాయ్ అని అడగండి, చాలు. ఆడవారిని వారికి తెలియకుండా ఫొటో తీసేవాడు మనవాడైనా మనం సమర్థించము.

ఇక యువకులు అడుగుతున్న ప్రశ్నకు వస్తాము: ఆపితే ఏం చేయాలి? పారిపోవద్దు, వాదులాడవద్దు, భయపడి ఫొటోలు చెరిపివేయవద్దు. చెరిపినది రేపు నేరాన్ని దాచినట్లు కనిపిస్తుంది. పేరు చెప్పండి, కారణం అడగండి. అరెస్టు చేస్తే కారణం చెప్పడం, ఇంటివారికి తెలియజేయడం, 24 గంటలలో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడం పోలీసుల బాధ్యత. 2024 జూలై నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయవలసింది పోలీసులే. అంటే మీ కెమెరాను తీసుకోవాలంటే చట్టం వారి చేతికి ఒక కెమెరా ఇచ్చింది. ఫోను, కార్డు తీసుకుంటే పంచనామా అడగండి. ఠాణాలో కూర్చోబెడితే వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాసుకోండి. 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ప్రతి ఠాణాలోనూ కెమెరాలు ఉండాలని, ఆ దృశ్యాలను 18 నెలలు, అది వీలుకాని చోట కనీసం ఏడాది భద్రపరచాలని ఆదేశించింది. ఆ దృశ్యాలు కోరే దరఖాస్తు వెంటనే పెట్టాలి. ఠాణాలో వీడియో తీయడం అధికార రహస్యాల చట్టం కింద నేరం కాదని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2022లో చెప్పింది. అది మన రాష్ట్రపు తీర్పు కాకపోయినా మన వకీలుకు ఉపయోగపడుతుంది.

వచ్చే జుమా నమాజు తరువాత ఇద్దరు న్యాయవాదులు ఇక్కడే కూర్చుంటారు. ఫొటో, వీడియో పని చేసే పిల్లలు తమ కెమెరా బిల్లు, గుర్తింపు కార్డు నకళ్లు తీసుకుని రావాలి. ప్రతి ఒక్కరికీ పని వివరం తెలిపే ఒక పత్రం రాసి ఇస్తాము. ఇదివరకు ఎవరినైనా కాగితం లేకుండా కూర్చోబెట్టి ఉంటే తేదీ, సమయం గుర్తు తెచ్చుకుని రండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత సహాయానికి పెట్టే దరఖాస్తు కూడా ఆ రోజే నింపుదాము. తల్లులు కూడా రావాలి, ఎందుకంటే కెమెరాను బీరువాలో పెట్టి తాళం వేసినది చాలా ఇళ్లలో వారే.