గేజి రిజిస్టరు, మనవడి కారు
(ద్రాక్షారామంలో జరిగిన మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకు ముందు మాట్లాడినవారు చెప్పవలసిందంతా చెప్పారు. నన్నేదైనా అనుభవం చెప్పమని కార్యదర్శిగారి ఆజ్ఞ. నేను కారు గురించి చెబుతాను. నవ్వకండి. సైకిలు తప్ప ఇంకొకటి నడపడం నాకు రాదు.

మా పెద్ద మనవడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగితే వెళ్ళి చూశాడు. అవి కరెంటుతో నడిచేవి. వీడికి మాత్రం పెట్రోలు పిచ్చి పట్టి, సెకండ్ హ్యాండులో ఒక టర్బో స్పోర్ట్స్ కారు కొన్నాడు. నేలకు జానెడు ఎత్తున ఉంటుంది. నా మోకాళ్ళతో అందులోకి ఎక్కడం కాదు, దిగాలి.

ఆ కారుకో జబ్బు. గుర్రంలా పోతూ పోతూ ఉన్నట్టుండి నీరసించిపోతుంది. ఇంజను ఆగదు, కానీ ఎంత తొక్కినా ఎడ్లబండి నడకే. ఎదురుగా పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. పక్కకు ఆపి, ఇంజను కట్టేసి మళ్ళీ వేస్తే మామూలే. ఒక వర్క్‌షాపులో మొదట స్పార్కు ప్లగ్గులు మార్చారు. తరవాత పెట్రోలు పంపు మార్చారు. మార్చినప్పుడల్లా దీపం చెరిపేసి "అయిపోయింది సార్" అన్నారు. డెబ్బై వేలు వదిలాయి. మూడోసారి టర్బోయే మార్చాలి, లక్షన్నర అన్నారు.

2025 సంక్రాంతికి వస్తూ, రామచంద్రపురం దాటాక ఇసుక లారీని దాటబోతుంటే సగంలో బలం పోయింది. ఎదురుగా బస్సు. ఆ డ్రైవరు పుణ్యాత్ముడు, బస్సును మార్జిను కిందికి దింపేశాడు. ఇంటికొచ్చాక పిల్లాడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకోలేకపోయాడు. మా అబ్బాయి ఆ రాత్రే "అమ్మిపారెయ్" అన్నాడు. "అమ్మితే కొన్నవాడు పోతాడు కదా నాన్నా" అన్నాడు మనవడు. ఆ మాట నాకు నచ్చింది.

ఇక్కడ నా నౌకరీ సంగతి కొంచెం చెప్పాలి. నేను కాలవల సెక్షను ఆఫీసులో గేజి రిజిస్టరు రాసినవాణ్ణి. ఒక ఏడు శివారు రైతులు, నీళ్ళు ఒకరోజు వస్తున్నాయి ఒకరోజు రావడం లేదని గోల పెట్టారు. లాకుల దగ్గర నీటికి లోటు లేదు. తూము తలుపు మార్చారు, ఫలితం లేదు. రిజిస్టరు తిరగేస్తే, కాలవ నిండుగా ఉన్న రోజుల్లోనే శివారుకు కొరత వస్తోందని తేలింది. వినడానికి తలకిందులుగా ఉంది కదా! లస్కరు గట్టు వెంబడి నడిచి చూస్తే, పైఅంచున ఎండ్రకాయల బొరియలు పెద్దవై ఉన్నాయి. నీరు ఆ ఎత్తుకు వస్తేనే కారుతుంది. తగ్గితే గట్టు గట్టిదే.

మనవడికి రెండొందల పేజీల నోటుబుక్కు తెప్పించి గళ్ళు గీశాను. తేదీ, వేళ, చోటు, ఎండా చలీ, టాంకులో పెట్రోలు, ఏ గేరు, ఎంత తొక్కాడు, దీపం వెలిగిందా. నడిపేవాడు రాయకూడదు, పక్కన కూర్చుని నేనే రాశాను. తెల్లారి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే, ఎవరినీ దాటకుండా, యానాం వైపు వెళ్ళి వచ్చేవాళ్ళం. మా ఇంటావిడ భీమేశ్వరుడి విభూతి స్టీరింగుకి పూసింది. అది గళ్ళలో రాయలేదు.

మొదటి రెండుసార్లూ బంకులో పెట్రోలు పోయించిన వెంటనే జబ్బు కనబడింది. పెట్రోలులో ఇథనాల్ కలుపుతున్నారు కదా, దొంగ దొరికాడనుకుని వీధిలో నలుగురికీ చెప్పేశాను. మూడోసారి ఖాళీ టాంకుతోనూ అదే జరిగింది. నోరు మూసుకున్నాను. ఎనిమిది నమోదులయ్యేసరికి వరస కనబడింది. నిలబడి ఉండగా ఎప్పుడూ రాలేదు, నిదానంగా పోతుండగా రాలేదు. ఎండతో సంబంధం లేదు. మూడో గేరులోనో నాలుగులోనో, ఎదుర్లంక వంతెన ఎక్కేటప్పుడో, నిండుగా తొక్కితేనే. ఒత్తిడి పూర్తిగా ఉన్నప్పుడే అన్నమాట. నాకు బొరియలు గుర్తొచ్చాయి.

టర్బో అంటే, పొగగొట్టానికి పోయే వాయువు ఒక చక్రాన్ని తిప్పుతుంది. దానితో ఒకే ఇరుసుమీదున్న ఇంకో చక్రం గాలిని దట్టించి, రబ్బరు గొట్టాల గుండా ఇంజనుకు పంపుతుంది. మధ్యలో ఆ గాలిని చల్లార్చే పెట్టె ఒకటి ఉంటుంది. దారిలో గాలి కారిపోతే కంప్యూటరు లెక్క తప్పిందని గ్రహించి, ఇంజనును కాపాడడానికి బలం తగ్గించేస్తుంది. దీన్ని లింప్ మోడ్ అంటారట, అంటే కుంటినడక. స్టీరింగు కింద ఒక సాకెట్టు ఉంటుంది. అందులో చిన్న పరికరం గుచ్చితే పి0299 అని వచ్చింది. టర్బో ఒత్తిడి చాలలేదని దానర్థం. అది ఫిర్యాదే గాని తీర్పు కాదు. టర్బో మార్చమని అందులో రాసిలేదు. తప్పు జరిగిన క్షణాన ఇంజను వేగమెంత, వేడి ఎంత అన్నదీ కంప్యూటరు రాసుకుంటుంది. దీపం చెరిపితే ఆ కాగితమూ పోతుంది. కేసు తేలకముందే ఫైలు చించేసినట్టు! మన ఆఫీసుల్లో అలా చేస్తే మెమో ఇచ్చేవారు.

నోటుబుక్కు పట్టుకుని కాకినాడలో ఒక చిన్న షెడ్డుకు వెళ్ళాం. ఆ మెకానిక్ రెండు పేజీలు నిదానంగా చదివి, "ఆయ్, ఇది పంచరు సంగతేనండి" అన్నాడు. గాలి లోపలికి తీసుకునే మూతి బిగించి, కంప్రెసరుతో మెల్లగా గాలి ఎక్కించి, గొట్టాలమీద సబ్బునీళ్ళు చల్లాడు. కాసేపు ఏమీ లేదు. కొంచెం ఒత్తిడి పెంచేసరికి, క్లాంపు కింద, పైనుంచి కంటికి కనబడని చోట, బుడగలు లేచాయి. గొట్టానికి అంగుళం చీలిక. ఒత్తిడి తగ్గిస్తే రబ్బరు పెదవులు మూసుకుంటాయి, వేలుతో తడిమినా తెలియదు. గొట్టమూ, క్లాంపూ, మజూరీ కలిపి ఆరు వేల మూడొందలు. రసీదు తీసుకున్నాను.

పాత గొట్టం నా బీరువాలో ఉంది, సభ అయ్యాక కావలసినవారికి చూపిస్తాను. నోటుబుక్కు మాత్రం మనవడు కార్లోనే పెట్టుకున్నాడు. నా దస్తూరీతో ఉన్న చివరి నమోదు ఇది: ఎదుర్లంక వంతెన, ఉదయం 6.10, నాలుగో గేరు, నిండుగా తొక్కాడు, దీపం లేదు. దాని కింద వాడి సంతకం, నా సంతకం.