ఇంటికి జనరేటరు: డీజిలా? గ్యాసా? అసలు అవసరమా?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో ఇద్దరు ముగ్గురు మిత్రులు ఇంటికి జనరేటరు కొనే విషయం ప్రస్తావించారు. ఒకరి అబ్బాయి అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో ఉంటాడు. తన ఇంటికి ప్రొపేన్ జనరేటరు పెట్టించుకుని, "నాన్నా, మీరూ అలాంటిదే పెట్టించుకోండి, డబ్బు నేను పంపుతాను" అన్నాడట. మరొకరు డీజిలే మేలన్నారు. వాదన తేలకపోవడంతో కార్యదర్శిగారు దీన్ని నాకు ఒప్పగించారు. నేను ఇంజనీరును కాను. ఖజానా శాఖలో ముప్ఫై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. మూడు కొటేషన్లు తెప్పించడం, కంపారటివ్ స్టేట్‌మెంటు వేయడం, నోటు రాసి పైకి పంపడం నాకు వచ్చిన విద్య. కిందటేడు మా అపార్ట్‌మెంటు జనరేటరు మార్చినప్పుడు ఆ విద్యే అక్కరకొచ్చింది. ఆ అనుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తాను.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒకప్పుడు సాయంత్రం కరెంటు పోతే ఎలా ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది. దుకాణాల మెట్ల మీద గొలుసుతో కట్టేసిన శ్రీరామ్ హోండాలు, బిర్లా యమహాలు తాడు లాగగానే ఒక్కసారిగా అందుకునేవి. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలు మీదికి మార్చేవారు. ఆ పొగలో నిలబడి మిర్చి బజ్జీలు తిన్నవాళ్లమే మనమంతా. ఆ తరువాత 2012, 2013 సంవత్సరాల్లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ఇచ్చి, ఇళ్లకూ గంటల తరబడి కోత పెట్టినప్పుడు ఇటు ఎల్బీనగర్, వనస్థలిపురం దాకా అందరూ ఇన్వర్టర్ల కోసం ఎగబడ్డారు. 2014 చివరి నుంచి ప్రకటించి పెట్టే కోతలు పోయాయి. ఇప్పుడు కరెంటు పోయేది రెండు విధాలుగా. చెట్టుకొమ్మలు కొట్టడానికో, ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతుకో గంటా రెండు గంటలు పోవడం ఒకటి. గాలివానకో వరదకో పోయి, ఎప్పుడు వస్తుందో లైన్‌మనే చెప్పలేకపోవడం రెండవది. మొదటిదానికి జనరేటరు దండగ. రెండవదాని కోసమే కొనాలి. కొనేటప్పుడు ఆ రోజు ఎలా ఉంటుందో తలచుకుని కొనాలి.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఇక్కడున్నవారెవరూ మరిచిపోరు. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పడవలు తిరిగాయి. నీళ్లున్న చోట ప్రమాదమని కరెంటు వాళ్లే సరఫరా ఆపారు, అది సబబే. మా అపార్ట్‌మెంటుకు అప్పటికే డీజిల్ జనరేటరు ఉంది. బిల్డరు దాన్ని సెల్లారులో, వాచ్‌మన్ గది పక్కన పెట్టి ఇచ్చాడు. రాత్రి పదకొండు గంటలకల్లా అది నీళ్లలో మునిగింది. లిఫ్టు లేదు, మోటారు లేదు. మూడో అంతస్తులో ఒక పెద్దాయనకు వారానికి మూడుసార్లు డయాలిసిస్. మర్నాడు ఆయన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు కుర్రాళ్లు మెట్ల మీదుగా దింపారు. మోకాలి లోతు నీళ్లలో రోడ్డు దాకా మోశారు. కుర్చీ కోళ్లు రెండు చేతులతో పట్టుకుని ఆయన ఎవరివైపూ చూడలేదు. డెబ్బై దాటిన మనకు జనరేటరు అవసరం ఇదీ. టీవీ సీరియల్ ఆగిపోతుందని కాదు.

కాబట్టి డీజిలా గ్యాసా అన్నది నా లెక్కలో మూడో ప్రశ్న. ఆగకూడనివి ఏవి అన్నది మొదటిది. యంత్రం ఎక్కడ పెడతాం అన్నది రెండవది.

మొదటిదానికి ఒక కాగితం తీసుకోండి. పాత ఫ్యానుకు 75 వాట్లు, కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30, ఎల్.ఇ.డి. బల్బుకు 10. ఫ్రిజ్జుకు 150 నుంచి 200 గానీ, కంప్రెసరు అందుకునే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారంటే 746 వాట్లు. మొదలయ్యేటప్పుడు అయిదారు రెట్ల కరెంటు తీసుకుంటుంది. టన్నున్నర ఏ.సి.కి 1500 పైమాటే. ఏ.సి. పేరు కొట్టేస్తే కాగితం సగం తేలికవుతుంది.

మా ఇంటావిడకు ఊపిరితిత్తుల జబ్బు. 2021 నుంచి అయిదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటరు వాడుతోంది. దానికి సుమారు 350 వాట్లు. దానితోపాటు ఒక ఫ్యాను, ఒక దీపం కలిపితే 390. ఇన్వర్టరుకు పెట్టే 150 ఏ.హెచ్. బ్యాటరీని 12 వోల్టులతో హెచ్చవేస్తే 1800. మార్పిడిలో పోయేది తీసేస్తే చేతికి 1300 వస్తే గొప్ప. అంటే మూడు గంటల పైచిలుకు. బ్యాటరీ పాతబడితే అదీ రాదు. అందుకని మేము రెండు బ్యాటరీల ఇన్వర్టరు పెట్టించాం. డాక్టరుగారినడిగి ఒక బి-టైపు ఆక్సిజన్ సిలిండరు కూడా మూలన ఉంచాం. అందులో 1500 లీటర్లుంటుంది, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు. దానికి కరెంటుతో పనే లేదు. పొయ్యికీ దేవుడి దీపానికీ దూరంగా ఉంచాలి, అంతే. విడిగా ఒక ఫ్లాటులో ఉండేవారికి నా సలహా ఇదే. బాల్కనీలో జనరేటరు పెట్టే ఆలోచన మానుకోండి.

ఎందుకంటే పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. తల తిరుగుతోందని పడుకున్నవాడు లేవడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపానుకు లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు పోయింది. మన పిల్లలెందరో ఆ చలిలో ఇబ్బంది పడ్డారు. ఆ వారంలోనే హ్యూస్టన్ ప్రాంతంలో గ్యారేజీల్లో జనరేటర్లూ కార్లూ నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఆ తరువాత అక్కడ ఇంటింటా జనరేటర్ల మాట వచ్చిందంటే వింత లేదు. అక్కడ పెరడు ఉంటుంది, పెరట్లో పెద్ద ప్రొపేన్ ట్యాంకు ఉంటుంది, లారీ వచ్చి నింపిపోతుంది. లేదా వీధి గొట్టంలో గ్యాసు వస్తుంది. ఆ అబ్బాయి చేసిన పని అక్కడికి సరైనదే.

ఇక్కడ ప్రొపేన్ అని విడిగా మన ఇళ్లకు అమ్మేవారు లేరు. మన సిలిండరులో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన ఎల్.పి.జి. ఇంటికొచ్చే 14.2 కిలోల ఎర్ర సిలిండరు వంటకు మాత్రమే. 2000 సంవత్సరపు ఎల్.పి.జి. ఉత్తర్వు ప్రకారం దాన్ని జనరేటరుకు పెట్టడం నేరం. పెన్షనరు ఆ గొడవలో పడకూడదు. 19 కిలోల కమర్షియల్ సిలిండరు తీసుకోవాలి. నా లెక్కన ఒక సిలిండరుతో నలభై, యాభై యూనిట్లకు మించి రావు. పెద్ద లోడు వేసి గబగబా లాగితే సిలిండరు చల్లబడి మంచు పట్టి గ్యాసు తగ్గిపోతుంది, కాబట్టి నాలుగైదు సిలిండర్లు కలపాలి. గ్యాసు గుణాలూ చెప్పాలి. మసి తక్కువ, చప్పుడు కొంత తక్కువ, ఎన్నేళ్లున్నా చెడదు. కానీ ఎల్.పి.జి. గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, పల్లంలో చేరి నిప్పురవ్వ కోసం కూర్చుంటుంది. సెల్లారులో పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. పైగా వరదరోజున సిలిండరు బండి మన వీధికి రాదు. భాగ్యనగర్ గ్యాస్ వారి గొట్టపు గ్యాసు ఉన్న వీధిలో అయితే మాట వేరు. అది గాలికంటే తేలిక, సిలిండర్లు మోసే పనీ లేదు. అలాంటివారు ముందు గ్యాసు కంపెనీని అడిగి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే జనరేటరు కొటేషను తీసుకోండి.

మా అపార్ట్‌మెంటులో ఇరవై ఫ్లాట్లు. మేము డీజిలుకే ఓటు వేశాం. లిఫ్టు, నీళ్ల మోటారు, మెట్ల దీపాలు, ఫ్లాటుకు ఒక ఫ్యాను, రెండు దీపాలు. ఒక డీలరు 40 కె.వి.ఎ. తీసుకోండి, భవిష్యత్తుకు పనికొస్తుందన్నాడు. ఎదిగే పిల్లవాడికి చొక్కా కుట్టించినట్టు జనరేటరు కొనకూడదు. డీజిల్ ఇంజను ఎప్పుడూ తక్కువ లోడు మీదే నడిస్తే నూనె సరిగా కాలక లోపల మసి పేరుకుంటుంది. కె.వి.ఎ.ను 0.8తో హెచ్చవేస్తే కిలోవాట్లు వస్తాయి. 25 కె.వి.ఎ. అంటే 20 కిలోవాట్లు, మాకు చాలింది. లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లు వస్తాయి. డీజిలు ధర 95 రూపాయలనుకున్నా యూనిట్ ముప్ఫై దాకా పడుతుంది. కరెంటు బిల్లులో పై శ్లాబుకు మూడింతలు. అందుకే ఏ.సి.లకు ఇవ్వలేదు. దానికి అలిగినవారున్నారు.

అసలు గొడవ స్థలం దగ్గర వచ్చింది. కొత్తది మళ్లీ సెల్లారులోనే పెడదామని సగం మంది. పైన పెడితే ఒక కారు పార్కింగు పోతుంది. సెల్లారు గోడమీద 2020 నీటిగీత ఇంకా ఉంది. నేను టేపు పట్టుకుని, అది వీధి మట్టానికి ఎంత ఎత్తులో ఉందో కొలిచి నోటులో రాశాను. మూడు మీటింగులయ్యాయి. ఆఖరుకు ఆ డయాలిసిస్ పెద్దాయన కొడుకే తన పార్కింగు ఇచ్చాడు. ఆయన అప్పటికి లేరు. నీటిగీతకు అడుగున్నర పైకి సిమెంటు దిమ్మ కట్టించి, జనరేటరూ ప్యానెలూ రెండూ దానిమీద పెట్టాం. జనరేటరు పైకి తెచ్చి ప్యానెల్ బోర్డు కింద వదిలేసిన అపార్ట్‌మెంట్లు మన చుట్టుపక్కల నేను చూశాను. మీవి ఒకసారి చూసుకోండి.

మిగతావి త్వరగా చెబుతాను, టీ చల్లారుతోంది. 2023 జులై 1 నుంచి కాలుష్య నియంత్రణ మండలి కొత్త ప్రమాణాలు, సి.పి.సి.బి. నాలుగు ప్లస్ అంటారు, అమలులోకి వచ్చాయి. కొటేషనులో ఆ మాటా, తయారీ తేదీ రెండూ రాయించుకోండి. చప్పుడు డబ్బా నుంచి మీటరు దూరంలో 75 డెసిబెల్స్ మించకూడదు. పొగగొట్టం భవనం ఎత్తుకంటే పైకి పోవాలి, ఎంత అంటే కె.వి.ఎ. వర్గమూలాన్ని 0.2తో హెచ్చవేసినన్ని మీటర్లు. 25కు ఒక మీటరు. దీన్ని చాలామంది ఎగ్గొడతారు, పక్కింటి పడకగదిలోకి పొగ పోతుంది.

చేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా ప్లగ్గులో వైరు గుచ్చి ఇంటికి కరెంటు ఇచ్చే మేధావులున్నారు. ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోయి స్తంభమెక్కిన మనిషిని చంపుతుంది. లిఫ్టుకు ఏ.ఆర్.డి. అనే బ్యాటరీ పరికరం పెట్టించండి. కరెంటు పోగానే లిఫ్టును దగ్గరి అంతస్తుకు చేర్చి తలుపు తీస్తుంది. జనరేటరు మొరాయించినా మనం లోపల ఇరుక్కోము. పైకప్పు సోలారు ఉంది కదా అనుకునేవారికి ఒక మాట. మామూలు గ్రిడ్డు సోలారు కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైనుమీది మనిషి ప్రాణం కోసం అలా తయారుచేశారు. బ్యాటరీ ఉంటేనే పని చేస్తుంది.

జనరేటరు అవసరానికి స్టార్టు కాకపోవడానికి ఎక్కువసార్లు దాని సొంత బ్యాటరీయే కారణం. ప్రతి ఆదివారం వాచ్‌మన్ చేత పది నిమిషాలు, లిఫ్టు లోడు వేసి నడిపిస్తాం. లాగ్ బుక్కు నేను పెట్టాను. తేదీ, సమయం, డీజిలు మట్టం, సంతకం. ఆడిట్ పార్టీ వచ్చినా అభ్యంతరం రాదు.

మా కంపారటివ్ స్టేట్‌మెంటు జిరాక్సు ప్రతులు పాతిక తెచ్చాను, కోశాధికారిగారి బల్లమీద ఉన్నాయి. అందులో ధరలు కిందటేటివి. కొలతల కాగితం రాసుకుని వస్తే, ఆదివారం పదింటి తరువాత మా ఇంటి దగ్గర కూర్చుని లెక్క వేసి ఇస్తాను. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు నడుస్తోంది. సెలవు.