చేతికి చదువు



మా మొయినాబాదు, చేవెళ్ళ ప్రాంతమున కూరగాయల మడులు, పూలతోటలు విస్తారము. చేమంతిని రేకు నలుగకుండ కోయుటకు వ్రేలికొనకు స్పర్శ యుండవలెను, బుట్ట యెత్తుటకు పిడికిట బిగి యుండవలెను. కుష్ఠవ్యాధి యీ రెంటిని హరించును. వ్రేళ్ళు వంకరపోయిన వానిని బుట్టకు దూరముగ నుంచుటయే మన మెరిగిన చికిత్స. వేరొకటి కలదని మనవి చేసెదను.

1915లో నిజామాబాదు సమీపమందలి డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు ఈ రోగులకై వైద్యశాల స్థాపించెను. కాని నాటి మందులు వంకరపోయిన చేతిని చక్కజేయజాలవు. ఆ పని చిత్తూరు సీమకు చేరువనున్న వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో, 1940 దశాబ్ది చివర మొదలయ్యెను. చేసినవాడు పాల్ బ్రాండ్. 1914లో పుట్టి కొల్లికొండలలో పెరిగినవాడు. వైద్యమునకు ముందు ఇండ్లు కట్టు పని నేర్చినవాడు.

ఒకనాడు తుప్పుపట్టిన తాళ మాయనకు లొంగలేదట. రోగియైన బాలుడొకడు తాళపుచెవి నవలీలగ త్రిప్పెను. చూడగ వ్రేలు ఎముకదాక తెగి నెత్తురు కారుచుండెను, వాడెరుగడు. కుష్ఠము వ్రేళ్ళను తినివేయునని లోకుల నమ్మకము. నొప్పి తెలియక కాలి, తెగి, రాత్రివేళ ఎలుకలు కొరికినను మేల్కొనక వ్రేళ్ళు నశించుచున్నవని ఆయన గ్రహించెను.

మోచేతి వెనుక నరము చెడినప్పుడు అరచేతిలోని చిన్నకండరములు చచ్చి, వ్రేళ్ళు గ్రద్దగోళ్ళవలె వంగును. బొటనవ్రేలు దక్క తక్కిన ప్రతి వ్రేలిని ముడుచుటకు ముంజేతినుండి రెండేసి స్నాయువులు, త్రాళ్ళవంటివి, వచ్చుచున్నవి. ఒకటి చాలును. కనుక ఒక వ్రేలి రెండవ స్నాయువును నాలుగు పాయలుగ చీల్చి నాలుగు వ్రేళ్ళ ప్రక్కలకు కుట్టుదురు. సుమారు మూడు వారములు పిండికట్టు.

ఇది శస్త్రవైద్యుని పని. అసలు చిక్కు పిమ్మట నున్నది. నిన్నటిదాక వ్రేలిని ముడిచిన కండరము నేడు దానిని చాపవలెను! మనస్సున కీ మార్పు తెలియదు. రూత్ థామస్ మొదలగు వ్యాయామచికిత్సకులు, ముడువుమని రోగికి చెప్పి, వ్రేళ్ళు చక్కగ సాగుటను అతని కన్నులకు జూపి, దినదినము సాధన చేయించిరి. పలకపై అక్షరములు దిద్దించిన నాబోటివారి కీ పద్ధతి క్రొత్త గాదు. అయితే మా శిష్యులకు వ్రేలు తెలియుచుండెను. వీరికి కన్నే వ్రేలు.

బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్‌విల్‌కు పోయి పరిశోధన సాగించెను. మధుమేహముచే పాదములు మొద్దుబారిన వారికిని అది యుపకరించినది. మనలో అట్టివారు తక్కువ కారు గదా!

స్పర్శ తప్పిన చేతులను దినము ఇరువది నిమిషములు నీట నాననిచ్చి నూనె రాయవలెను. పొయ్యిమీది పాత్రకు కొయ్యపిడి యుండవలెను. ప్రతిరాత్రి పుండుకై దీపము దగ్గర వెదకవలెను.

ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున కుష్ఠమునకు మందు ఉచితము. ఆరు మాసములు గాని సంవత్సరము గాని తినవలెను. చేతిబలము తగ్గనారంభించిన ఆరు మాసములలోపల చేరినవారికి నరము కోలుకొను నవకాశ మధికము. మచ్చను రవికెచాటున, తలుపుచాటున దాచు నింట ఆ ఆరు మాసములే గడచిపోవుచున్నవి.