వ్రేలిముద్ర పలికెడి సాక్ష్యము



పట్టభద్రుల సభలయందు విద్యామహిమను గూర్చి ప్రసంగించుట ఆచారము. ఆ మహిమను మీ గురువులు ఇన్నేండ్లుగా చెప్పుచునే యున్నారు గావున, నేను దానిని విడిచి, సోమల మొదలు పుంగనూరు, మదనపల్లె, కుప్పము వరకు ప్రతి యింటికిని సంబంధించిన వ్రేలిముద్రను నా ప్రసంగవిషయముగా గైకొంటిని. బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే అవ్వలు వాని చిట్టిపిడికిలిని విప్పి, శంఖములెన్ని, చక్రములెన్ని యని లెక్కించుట మీరెరుగుదురు. ఆ లెక్క జాతకమునకు పనికివచ్చునో లేదో నేను చెప్పజాలను గాని, పోలీసుశాఖవారి వర్గీకరణమునకు మాత్రము ఆ శంఖచక్రములే పునాదులైనవి.

శిశువు గర్భస్థమై యుండగా, మూడవమాసము మొదలు ఆరవమాసము లోపల, చర్మపు పైపొరకును లోపొరకును నడుమ ఏర్పడు మడతలవలన ఈ రేఖలు రూపొందును. గర్భమున ఆ వ్రేలిపై కలుగు ఒత్తిడియు, పెరుగుదల వేగమును, మరికొన్ని సూక్ష్మహేతువులును కలియుటచే, ఒకే పోలికతో జన్మించిన కవలలకు సైతము అవి వేరువేరుగానే యుండును. పైచర్మము కాలినను, గీచుకొనినను, లోపొర చెడనంతవరకు మరల ఆ రేఖలే మొలచును. 1934లో హతుడైన డిల్లింజరు అను అమెరికా దోపిడిదొంగ తన వ్రేళ్లను ఆమ్లముతో కాల్చుకొనియు ఆ రేఖలను రూపుమాపలేకపోయెను.

ఈ విద్యకు మన దేశమే పురిటిల్లు. 1858లో బంగాళదేశమున జంగీపూరులో విలియం హెర్షెల్ అను అధికారి, రోడ్డునకు కంకర తోలుటకై ఒడంబడిక వ్రాసిన రాజ్యధర్ కోనాయి అను గుత్తేదారు మాట తప్పకుండునట్లు, వాని యరచేతికి సిరా పూసి పత్రముపై ముద్ర వేయించెను. అనంతరకాలమున కలకత్తాలో ఎడ్వర్డు హెన్రీ యను పోలీసు అధికారి క్రింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను ఇరువురు, పదివ్రేళ్ల ముద్రలను 1024 అరలలో పంచి, కావలసిన దానిని నిమిషములలో వెదకి తీయగల పద్ధతిని కల్పించిరి. 1897లో అచ్చట వ్రేలిముద్రల కార్యాలయము వెలసినది. నాలుగేండ్లకు ఆ పద్ధతియే లండనులోని స్కాట్లండు యార్డునకు చేరినది. లోకము దానిని హెన్రీ పద్ధతి యనుచున్నది. గణితము చేసినవారొకరు, పేరు మోసినవారొకరు. కొలువులలో ఇది క్రొత్తయును కాదు, అంతరించినదియును కాదు.

జల్పాయిగురి జిల్లాలో ఒక తేయాకుతోట మేనేజరు హతుడైనప్పుడు, అతని వస్తువులలో దొరకిన పంచాంగముపై గోధుమవన్నె మరక యొకటి కానవచ్చినది. అది పూర్వము శిక్షననుభవించిన యొక సేవకుని కుడిబొటనవ్రేలి ముద్రయని తేలినది. అయినను 1898లో న్యాయస్థానము వానిని దొంగతనమునకు మాత్రమే శిక్షించి, హత్యానేరమునుండి విడిచినది. చంపుట యెవరును చూడలేదు. ముద్ర, ఆ చేయి ఆ పుస్తకమును తాకినదని చెప్పినది గాని, ఆ చేయి కత్తి యెత్తినదని చెప్పలేదు. కొందరు దీనిని పిరికితన మనిరి. నా దృష్టిలో ఇది ఆ శాస్త్రమునకు జరిగిన తొలి గౌరవము. సాక్ష్యమెంత పలికినదో అంతవరకే వినుట సామాన్యమైన గుణము కాదు. మరుసటి సంవత్సరమే సాక్ష్యచట్టమున వ్రేలిముద్రల నిపుణుని యభిప్రాయమునకు చోటు కల్పింపబడినది.

నేడు దొంగతనము జరిగిన యింటికి క్లూస్ టీం వచ్చి, బీరువా తలుపుపై మెత్తని కుంచెతో పొడి యద్దగా, మన కంటికి కానరాని చెమటజాడ రేఖారేఖగా పైకి తేలును. కాగితముపైనైనచో నిన్‌హైడ్రిన్ ద్రావణము సోకిన కొంతసేపటికి ఊదావన్నె ముద్ర పూచును. వెనుకటి నిపుణుడు భూతద్దముతో దినములకొలది చేసిన పోలికను, దేశవ్యాప్తమైన నాఫిస్ యంత్రవ్యవస్థ క్షణములలో చేయుచున్నది.

ఇక మన సీమ మాట. రాయలసీమనుండి కువైటునకు పోయి, ఇండ్లలో వంటపనులును, డ్రైవరు పనులును చేసి, ఊరిలో మిద్దె కట్టి, ఆడబిడ్డల పెండ్లిండ్లు చేయువారు మీ బంధువులలోనే యుందురు. అచ్చటినుండి తిరుగగొట్టబడినవారి వ్రేలిముద్రలు ఆ దేశపు విమానాశ్రయమున నిలిచియుండును; పాస్‌పోర్టు మారినను వ్రేలు మారదు గదా. 2022లో హైదరాబాదు సమీపమున ఘట్‌కేసరులో పోలీసులు పట్టుకొనిన ముఠా ఈ కష్టమునే వ్యాపారముగా చేసికొనినది. అందు ప్రధానులు శస్త్రవైద్యులు కారు. తిరుపతి ప్రాంతపు వైద్యశాలలలో ఎక్స్‌రేలు తీయుట, మత్తుమందు ఇచ్చుటలో తోడ్పడుట వంటి పనులు నేర్చినవారు. తలకు పాతికవేల రూపాయలు పుచ్చుకొని, వ్రేళ్ల కొనల చర్మమును కోసి, లోని కండను కొంత తీసి, మరల కుట్టుచుండిరి. గాయము మానిన పిమ్మట రేఖలు వక్రించును. ఆ క్రొత్త ముద్రలతో ఆధారును మార్పించుకొని మరల వీసాకు దరఖాస్తు పెట్టుట వారి యుపాయము. నేరము నేరమే. కాని బ్రతుకుతెరువుకై తన వ్రేళ్లను తానే కత్తికి ఒప్పగించిన మనుష్యుని తలచుకొనినప్పుడు నాకు కోపముకంటె దుఃఖమే యధికముగా కలుగుచున్నది; ఆ దుఃఖములో కొంతభాగము, సేద్యమునకు నీరును, చేతులకు పనియు చూపలేని మన పెద్దలపై కోపముగా మారుచున్నదని దాచనేల?

వ్రేలు కోయకయే ముద్రను దొంగిలించు చదువరులును కలరు. 2018లో తెలంగాణమున పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి, అంతర్జాలమున లభించు భూమి రిజిస్ట్రేషను దస్తావేజులనుండి జనుల ముద్రలను తీసి, వానికి నకళ్లు పోసి, వేలకొలది సిమ్ కార్డులను చలామణి చేయించెను. యంత్రము నకలును నమ్మినది. మనుష్యనిపుణుడును పొరబడకపోలేదు: 2004లో మాడ్రిడ్ రైలు విస్ఫోటనముల పిమ్మట అమెరికా ఎఫ్.బి.ఐ. నిపుణులు ఒక సంచిపై నున్న ముద్ర తమ దేశపు న్యాయవాదిదే యని దృఢముగా చెప్పగా, అతడు రెండువారములు నిర్బంధమున నుండెను. ఆ ముద్ర వేరొకనిదని స్పెయినువారు తేల్చిన తరువాత ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పుకొనవలసివచ్చెను.

పట్టభద్రులారా, మీలో కొందరు పోలీసు కొలువులకు, కొందరు సచివాలయములకు, బ్యాంకులకు, రిజిస్ట్రారు కార్యాలయములకు పోవుదురు. బల్లకావల మీరుందురు, ఈవల, ఏండ్ల తరబడి చింతపండు కొట్టి, కలుపు తీసి, రాళ్లు మోసి, వ్రేళ్ల రేఖలరిగిపోయిన అవ్వ యుండును. రేషను దుకాణమున ఈమె బొటనవ్రేలు పెట్టును, యంత్రము ఒల్లదు. "ఏలు బాగా తుడిచి పెట్టవ్వా" అని డీలరు కసరును. ఆమె కొంగుతో తుడిచికొని చూపుడువ్రేలు పెట్టును, అదియు చెల్లదు. వెనుకనున్న వరుస గొణుగును. ఆమె చేసిన నేరమేమి? చాకిరీయే గదా! వ్రేలిముద్ర కుదరనంత మాత్రమున బియ్యము నిరాకరింపరాదని 2017లో కేంద్రప్రభుత్వమే రాష్ట్రములకు తెలియజేసినది; కనుపాపలను పరీక్షించు ఐరిస్ యంత్రము వంటి మార్గములును గలవు. అయినను వానిని వాడుటకు బల్లకావల నున్నవానికి మనసుండవలెను. కావున మిమ్ములను వేడుకొనునది ఇంతియే: మీ యెదుట యంత్రము కాదనిన మనుష్యుని రేపు రమ్మని పంపివేయకుడు, ఆ పూటనే రెండవ మార్గమును వెదకి, వారి పనిని పూర్తిచేసి పంపుడు.