పెనవేసిన పరమాణువులు

పలనాట బోరు వేయించుట సగము జూదము. నాపరాతి క్రింద నీరున్నదో, ఉత్త గుల్లయే యున్నదో పైనుండి తెలియదు. సున్నపురాతిలోని గుత్తికొండ బిలము శ్రోతలలో పలువురు చూచినదే.

గుల్లయున్న చోట భూమ్యాకర్షణము లేశమాత్రము తగ్గును. 2022లో ఇంగ్లండునందలి బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయమువారు, మిక్కిలి చల్లార్చిన రుబీడియం పరమాణువులతో ఆ లేశమును కొలిచి, నేలలోని సొరంగము నొకదానిని గుర్తించిరి.

అందు ఏ పరమాణువు సాక్ష్యము దానిదే. అట్లు విడివిడిగా పలుకు నూరు పరమాణువులవలన కొలతలోని సందేహము పదవవంతునకే తగ్గును. వానిని ముందుగా పెనవేసి, ఒక్క కట్టుగా ప్రశ్నించినచో, సిద్ధాంతరీత్యా నూఱవవంతునకు తగ్గవచ్చును. దీనినే క్వాంటం పెనవేత యందుము. ఒక పరమాణువునుండి మఱియొకదానికి వార్త పోవునని కొందఱు వ్రాయుదురు గాని, మేము దాని నొప్పము. వార్త యేదియు పోదు. ఫలితముల నడుమ పొందిక యుండును, అంతియే.

2020లో అమెరికాయందలి ఎం.ఐ.టి.వారు సుమారు 350 యిటెర్బియం పరమాణువులను పెనవేసి, విడి పరమాణువుల గడియారమునకు గల హద్దును దాటిరి.

అయితే ఈ కట్టు బహు సుకుమారము. కొన్ని పరమాణువులు జారిపోయినను, బయటి అలజడి సోకినను సడలును, లాభము తగ్గును, ఒక్కొక్కప్పుడు అంతయు పోవచ్చును. మాచర్ల యెండలో, పొలము గట్టుపై నిలువదగిన యంత్రము దీనితో ఇంకను సిద్ధము కాలేదు. భారత ప్రభుత్వము 2023లో ఆమోదించిన జాతీయ క్వాంటం మిషనునందు ఇట్టి కొలతలకును చోటు కలదు. అది ఫలించువఱకు, బోరునకు ముందు భూగర్భజల నిపుణులచే నేల విద్యున్నిరోధమును పరీక్షింపజేసికొనుట మేలని మా సలహా. అదియు తప్పవచ్చును గాని, కొబ్బరికాయను నమ్ముకొనుటకంటె నయము.